ఇంటి పద్దు: అండమాను ప్రయాణం

చలికాలం సగం గడిచేసరికి బచేలి, కిరండూల్ కాలనీలలో ఒకే ప్రశ్న వినవస్తుంది: ఈసారి ఎల్.టి.సి. ఎక్కడికి? తిరుపతి, షిర్డీ, వైష్ణోదేవి చూచి వచ్చిన కుటుంబాలు ఇప్పుడు అండమాను దీవుల వైపు చూస్తున్నాయి. కోరిక మంచిదే. అయితే మూడేళ్ళుగా అమ్మాయి చదువు కొరకు కూడబెట్టిన సొమ్ములో సగం ఆరు రోజుల విహారానికి కరిగిపోయినదని చెప్పుకొని బాధపడిన గృహిణులు కూడా మన కాలనీలలోనే ఉన్నారు. కనుక ఈ నెల ఈ శీర్షికలో అండమాను లెక్క చూద్దాం.

ముందుగా ఒక మాట. అండమానులో అన్నం, బస్సు, చూడవలసిన స్థలాల రుసుములు ఏమంత ఖరీదైనవి కావు. ఖరీదైనది తొందర. సెలవు ఆలస్యంగా మంజూరై, వారం ముందు విమానం టికెట్టు కొని, తెలియని ఊరిలో ఏజెంటు చెప్పిన ధరకు తల ఊపినవారే ఎక్కువ చెల్లిస్తున్నారు. ఎక్కడ తగ్గించవచ్చునో వరుసగా చెబుతాము.

మనకు దేవుడిచ్చిన సౌకర్యం కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం. బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుండి జపానుకు చేర్చడానికి 1960వ దశకంలో వేసిన ఈ మార్గం మీదనే మనం కూడా సముద్రానికి చేరుకుంటాము. కిరండూల్ నుండి విశాఖపట్నం సుమారు 470 కిలోమీటర్లు. రైలుకు ఒక పగలో, ఒక రాత్రో పడుతుంది. కాని ఈ మార్గాన్ని పూర్తిగా నమ్ముకోరాదని పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. భద్రతా కారణాల వలన రైలును దంతెవాడలోనే నిలిపివేసిన సందర్భాలు ఎన్నో చూచాము. వానకాలంలో అనంతగిరి, కోరాపుట్ ప్రాంతాలలో కొండచరియలు విరిగి పడతాయి. ఓడ గాని, విమానం గాని బయలుదేరే తేదీకి కనీసం రెండు రోజుల ముందే విశాఖ చేరడం క్షేమం. విశాఖలో పిన్నిగారో, మేనమామగారో లేని తెలుగు కుటుంబం మన కాలనీలో అరుదు కదా! వారింట రెండు రాత్రులు గడిపితే హోటలు ఖర్చు మిగులుతుంది. వట్టి చేతులతో మాత్రం వెళ్ళవద్దు.

విశాఖ నుండి అండమాను ముఖ్య పట్టణానికి ఓడ ప్రయాణం సుమారు 56 గంటలు. మనం పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఆ పట్టణానికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయ పురం అని పేరు మార్చారు. ఓడలో బంకు తరగతి, క్యాబిన్లు, డీలక్సు క్యాబిన్లు ఉంటాయి. బంకు ధర డీలక్సు ధరలో సుమారు నాలుగోవంతు. చెన్నై, కలకత్తాల నుండి వెళ్ళే ఓడలతో పోలిస్తే విశాఖ ఓడలు చాలా తక్కువ. కొన్ని నెలలలో అసలే ఉండకపోవచ్చు. తేదీలు కూడా కొద్ది కాలం ముందే ప్రకటిస్తారు, ఒక్కొక్కప్పుడు మారుస్తారు. అందుచేత ఓడ తేదీ తెలిసిన తరువాతనే సెలవుకు దరఖాస్తు చేయాలి గాని, సెలవు తీసుకొని ఓడ కొరకు ఎదురు చూడరాదు.

బంకు తరగతి అనగా పెద్ద హాలులో వరుసగా పడకలు, ఉమ్మడి స్నానపు గదులు. కుర్రవారికి, కొత్తగా ఉద్యోగంలో చేరిన బ్రహ్మచారులకు అది చాలును. అత్తగారు, చంటిపిల్ల వెంట ఉన్న ఇల్లాలికి మూడు రాత్రులు అక్కడ కష్టం. అటువంటివారు క్యాబిన్‌కే సొమ్ము పెట్టాలి. ఆ ఖర్చును మేము దుబారాగా లెక్కించము. సముద్రం కుదుపు అందరికీ ఒకే విధంగా పడదు. వాంతులు కాకుండా వేసుకొనవలసిన మాత్రలను మన ఆసుపత్రి డాక్టరుగారిని అడిగి ముందే తెచ్చుకోండి. ఓడలో భోజనం వెలకు దొరుకుతుంది. చేగోడీలు, కారప్పూస, ఊరగాయ సీసా వెంట ఉంటే పిల్లలు ఆకలితో ఉండరు.

మా సలహా ఏమనగా, వెళ్ళేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం. తిరుగు ప్రయాణంలో ఓడ రెండు రోజులు ఆలస్యమైతే షిఫ్టుకు అందుకోలేము. సెలవు మించిపోయి జీతంలో కోత పడితే ఆదా చేసినదంతా అక్కడే పోతుంది. ఓడ కుదరనివారు విశాఖ నుండి చెన్నైకి రైలులో వెళ్ళి, అక్కడి నుండి రెండు గంటల పైచిలుకు విమాన ప్రయాణం చేయవచ్చును. హైదరాబాదులో బంధువులున్నవారు అక్కడి ధర కూడా చూచుకోవాలి. ఏ దారిలోనైనా టికెట్టు రెండు మూడు నెలల ముందు కొనాలి.

ఇక కాలం. డిసెంబరు చివరి వారం, దసరా రోజులు అండమానులో అత్యంత ఖరీదైనవి. దుర్గాపూజ సెలవులకు బెంగాలీ యాత్రికులు తరలివస్తారు. సంక్రాంతి దాటిన తరువాత మార్చి వరకు ధరలు తగ్గుతాయి, సముద్రం కూడా ప్రశాంతంగా ఉంటుంది. కాని పిల్లలకు పరీక్షలు. వారి కొరకు ఆగేవారు ఏప్రిల్ చివరి నుండి మే 15 లోపల తిరిగి రావాలి. నైరుతి ఋతుపవనం మన దేశంలో తొలుత తాకేది అండమాను సముద్రాన్నే. సాధారణంగా మే మూడవ వారంలో వస్తుంది. వర్షాలలో గదులు చవకగా దొరికినా, దీవుల మధ్య పడవలు ఆగిపోతే ఆ గదిలోనే కూర్చొనవలసి ఉంటుంది.

అక్కడికి చేరిన తరువాత ఎక్కువ ఖర్చు దీవి నుండి దీవికి పోవడంలోనే. హేవ్‌లాక్ (2018 డిసెంబరు నుండి స్వరాజ్ ద్వీప్), నీల్ (షహీద్ ద్వీప్) దీవులకు ఫీనిక్స్ బే రేవు నుండి ప్రభుత్వ పడవలు నడుస్తాయి. ప్రైవేటు వేగపు పడవ గంటన్నరలో చేరుస్తుంది. ప్రభుత్వ పడవకు రెండున్నర గంటలు పట్టవచ్చును గాని, టికెట్టు ధర దానిలో చిన్న భాగమే. నలుగురున్న కుటుంబానికి రాను పోను ఈ తేడా ఒక మంచి గది రెండు రోజుల అద్దెకు సమానమవుతుంది. సీట్లు త్వరగా అయిపోతాయి. కనుక పట్టణంలో దిగిన రోజే మొదట ఆ పని చూచుకోవాలి.

రెండు దీవులూ చూడాలా? ఏజెంటులు చూడాలంటారు. మా అభిప్రాయంలో అయిదారు రోజుల యాత్రకు ఒకటి చాలును. చిన్నపిల్లలతో వెళ్ళేవారు నీల్ దీవిని ఎంచుకుంటే మంచిది. అది చిన్నది, అద్దె సైకిలు మీద తిరగవచ్చును. రేవులకు భరతపూర్, లక్ష్మణపూర్, సీతాపూర్ అని రామాయణం పేర్లు. లక్ష్మణపూర్ వద్ద రాతిలో సహజంగా ఏర్పడిన వంతెన ఆటు సమయంలోనే చూడ వీలవుతుంది. ఏ గంటకు నీరు తీస్తుందో ముందురోజే అడగాలి. పట్టణంలో సెల్యులార్ జైలు తప్పక చూడాలి. 1906లో పూర్తయిన ఆ గదుల మధ్య నిలిచినప్పుడు, అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవారిలో కొందరు అండమాను శిక్ష అనుభవించారన్న సంగతి పిల్లలకు చెప్పండి. వండూరు వరకు ప్రభుత్వ బస్సు ఉన్నది. అక్కడి నుండి సముద్ర ఉద్యానవనానికి పడవలు పోతాయి. సోమవారం సెలవు. ప్లాస్టిక్ సీసాలు తీసుకుపోనివ్వరు.

మన భాష అక్కడ పెద్ద ఆదా. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వెళ్ళిన కుటుంబాలు ఎన్నో అక్కడ స్థిరపడ్డాయి. అబర్డీన్ బజారులో ఆటో బేరమైనా, గది బేరమైనా ఒకసారి తెలుగులో మొదలు పెట్టి చూడండి.

ఒక్క యాత్ర మాత్రం మానుకోమంటాము. బారాటాంగ్ సున్నపురాతి గుహలకు పోయే రోడ్డు జారవా జాతివారి అడవి గుండా సాగుతుంది. గుహల పేరు చెప్పి, దారిలో జారవాలు కనిపిస్తారని ఆశ పెట్టి తీసుకుపోయేవారు ఉన్నారు. వారిని ఫోటో తీయడం, వారికి తినుబండారాలు ఇవ్వడం చట్టరీత్యా నేరం. దంతెవాడ సంతకు వచ్చిన కోయ, మురియా స్త్రీలను బయటి ఊళ్ళ వారు కెమెరాలు పట్టుకొని చుట్టుముట్టడం మనం చూచిన సంగతే. ఆ పని మనం మరొక చోటికి వెళ్ళి చేయడం ఎందుకు?

చివరిగా, అన్నిటి కంటె చవకగా కనిపించి అన్నిటి కంటె ఖరీదైన దారి ఒకటున్నది. టికెట్టు ధర ఎక్కువగా చూపిస్తాము, ఆ తేడాతో గది, భోజనం ఉచితం అని చెప్పే ఏజెంటులు కాలనీల చుట్టూ తిరుగుతుంటారు. ఎల్.టి.సి. దొంగ బిల్లుల మీద సి.బి.ఐ. కేసులు పెట్టిన సంగతి పత్రికలలో చదివినదే. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, బొగ్గు రంగంలోని ఒక ప్రభుత్వ సంస్థ కేసుతో పాటు కొందరు బస్సు కండక్టర్ల కేసులను కలిపి విని, నైతిక పతనంగా పరిగణించదగిన తప్పుకు క్రిమినల్ కోర్టు శిక్ష లేకున్నా గ్రాట్యుటీని ఆపవచ్చునని తీర్పు చెప్పినది. కండక్టర్ల విషయంలో కోతను 25 శాతానికి పరిమితం చేసినది. అయినను, ముప్పై ఏళ్ళ సర్వీసు గ్రాట్యుటీలో నాలుగోవంతు అనగా ఎంతో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చును.

పన్ను సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎల్.టి.సి. మీద మినహాయింపు ప్రయాణపు చార్జీలకే వర్తిస్తుంది, గదికి, భోజనానికి కాదు. అదియును పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే. నాలుగు సంవత్సరాల బ్లాకులో రెండు ప్రయాణాలు లెక్క. 2022-2025 బ్లాకులో ఒకటి మిగిలినవారు దానిని 2026లో వాడుకొనవచ్చును. అండమానుకు విమానంలో వెళ్ళడానికి కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ఇచ్చిన ప్రత్యేక సడలింపు ప్రభుత్వ రంగ సంస్థల వారికి దానంతట అదే వర్తించదు. టికెట్టు కొనడానికి ముందే పర్సనల్ విభాగంలో మన నిబంధనలు అడిగి తెలుసుకోవాలి. ఓడ టికెట్లు, విమానం బోర్డింగు పాసులు పారవేయకండి.

ఇటీవల అండమాను వెళ్ళి వచ్చిన కుటుంబాలు తమ ఖర్చుల పద్దును పైసలతో సహా మాకు వ్రాసి పంపితే, పేర్లు లేకుండా ఈ శీర్షికలోనే ప్రచురిస్తాము. ముఖ్యంగా విశాఖ ఓడ ఎక్కినవారు క్యాబిన్ చార్జీలు, భోజనం ఖర్చు తప్పక వ్రాయగోరుతాము.