గీజర్‌కి ర్యామ్ లెక్క వద్దు: నంద్యాలలో 15 లీటర్లు చాలు

ఫోన్ కొనేటప్పుడు 8 జీబీ కన్నా 12 జీబీ ర్యామ్ మేలనుకుంటాం. అదే అలవాటుతో గీజర్ షాపుకెళ్లి నేరుగా 25 లీటర్లది చూపించమంటాం. నంద్యాల, ఆళ్లగడ్డ లాంటి ఎండ ఊళ్లలో అది దండగే అని నా అభిప్రాయం.

లెక్క చూడండి. ట్యాంకు నీళ్లు 25 డిగ్రీలు, గీజర్‌లో 60 డిగ్రీలు అనుకుందాం. స్నానానికి 40 డిగ్రీలు చాలు. 20 లీటర్ల బకెట్‌లో 9 లీటర్లు వేడినీళ్లు, మిగతావి చన్నీళ్లే. అంటే 15 లీటర్ల గీజర్‌తో దాదాపు రెండు బకెట్లు వస్తాయి. 2 కిలోవాట్ల మోడలైతే సుమారు 20 నిమిషాల్లో మళ్లీ రెడీ. ఇద్దరి స్నానాలయ్యాక టిఫిన్ తినేలోపు మిగతా ఇద్దరికీ నీళ్లు కాగుతాయి.

3 లీటర్ల ఇన్‌స్టంట్ చవక కదా అంటారా? 3 కిలోవాట్లు లాగినా అదే బకెట్ నిండడానికి 7 నిమిషాలు పడుతుంది. వోల్టేజ్ 180కి పడిపోయిందా, పవర్ దాదాపు 40 శాతం తగ్గిపోతుంది. లో వోల్టేజ్ ఉండే పల్లెల్లో దాని జోలికి పోకండి.

ఇంట్లో అందరూ షవర్ వాడితే మాత్రం 25 తీసుకోండి. లేదంటే మిగిలిన డబ్బుతో ఎక్కువ స్టార్లున్న 15 లీటర్లది కొని, 16 ఆంప్స్ ప్లగ్, మంచి ఎర్తింగ్ పెట్టించండి. ప్రాణాలు కాపాడేది లీటర్లు కాదు, ఎర్తింగే.