పాసుపుస్తకం వచ్చింది, పైసలు రాలేదు

మహబూబ్‌నగర్: కొత్తగా బ్యాంకు ఖాతా తెరిచిన కూలీలు పాసుపుస్తకం చేతికొచ్చినా డబ్బు పడక బ్యాంకు చుట్టూ కాళ్లరిగేలా తిరగవలసి రావడం విచారకరం.

జనధన్ పథకం 2014 ఆగస్టు 28న మొదలైంది. రూపాయి లేకున్నా ఖాతా తెరవవచ్చునన్నారు, జనం తెరిచారు. మంచిదే. కాని ఖాతా తెరవడం వేరు, అది పనిచేయడం వేరు. ఈ తేడాను కౌంటరు దగ్గర చెప్పేవారే కరువయ్యారు.

ఆధార్ నకలు ఇచ్చాం గదా, లింకు అయిపోయినట్లేనని కూలీలు అనుకుంటారు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ నకలు మనిషెవరో గుర్తించడానికి మాత్రమే. సర్కారు సొమ్ము ఆ ఖాతాకే చేరాలంటే విడిగా అంగీకార పత్రం మీద సంతకమో, వేలిముద్రో వేయాలి. అప్పుడు బ్యాంకు వారు ఎన్.పి.సి.ఐ. జాబితాలో ఎక్కిస్తారు. ఆ జాబితాలో ఒక మనిషికి ఒక్క బ్యాంకే ఉంటుంది, చివర కలిపిన బ్యాంకుకే డబ్బు పోతుంది. ఎప్పుడో బొంబాయి పనికి పోయినప్పుడు తెరిచిన ఖాతా అందులో కూర్చుని ఉంటే, ఊళ్లోని కొత్త పుస్తకం ఖాళీగానే ఉంటుంది. 2024 జనవరి 1 నుంచి ఉపాధి హామీ కూలికి ఆధార్ చెల్లింపును తప్పనిసరి చేయడంతో ఈ చిక్కు నేరుగా కూలివారి కడుపు మీదే పడింది.

పాలమూరు వలస కూలీకి ఊరు మారితే సిమ్ము కూడా మారుతుంది. పాత నెంబరుకు పోయిన ఓ.టి.పి. ఎవరికి అందుతుందో దేవుడికెరుక. సిమెంటు పని చేసి అరిగిన చేతులకు మిషను మీద వేలిముద్ర పడదు. పట్నంవాడు సెల్లులో చిటికెలో చేసే పనికి వీరు కూలి మానుకుని మండల కేంద్రానికి పోవాలి. పోతే సర్వరు ఉండదు!

రెండేళ్లు లావాదేవీ లేని ఖాతా మూలన పడుతుంది. దాన్ని తిరిగి నడిపించడానికి రుసుము తీసుకోరాదని, కనీస నిల్వ లేదని జరిమానా వేయరాదని రిజర్వు బ్యాంకు ఉత్తర్వు 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఇందుకు కె.వై.సి. కాగితాలు ఆ బ్యాంకు ఏ శాఖలోనైనా ఇవ్వవచ్చు. బయట దళారికి డబ్బు ముట్టజెప్పేవారికి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

ఖాతా తెరిచిన రోజే అంగీకార పత్రం కూడా ముందు పెట్టి, చదువు రానివారికి చదివి వినిపిస్తే చాలామందికి రెండో ప్రయాణం తప్పుతుంది. దరఖాస్తుకు తేదీ వేసి రసీదు ఇవ్వాలి. అది చేతిలో ఉంటే ‘రేపు రా’ అన్నవారిని ఆ రేపు ఎప్పుడని అడగవచ్చు. వలస పోయినవారు పండుగకు ఊరు చేరే రోజుల్లో బ్యాంకు మిత్రలు పంచాయతీ కార్యాలయం వద్ద ఒక పూట కూర్చునేలా జిల్లా లీడ్ బ్యాంకు అధికారులు ఏర్పాటు చేయాలి.