కదలని కీలు, కదిలించే చేయి

స్టాండ్‌బై పంపును ఏ ప్లాంటులోనూ ఊరకే వదలివేయరు. అది నడవకపోయినా అప్పుడప్పుడు షాఫ్టును చేతితో కొంత తిప్పి ఉంచుతారు. లేనిచో పక్క యంత్రాల ప్రకంపనకు బేరింగులలో ఒకే చోట గుంటలు పడతాయి. పక్షవాతం వచ్చినవారి కాళ్లు చేతులను ఇంటివారు మెల్లగా వంచి చాచుట వెనుక ఉన్న ఆలోచన కూడ ఇటువంటిదే. రోగి స్వయంగా కదల్చలేని కీలును మరొకరు కదిలించే ఈ పద్ధతిని ఫిజియోథెరపీలో ‘పాసివ్’ వ్యాయామం అంటారు.

కీళ్లలోని మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కదలిక ఉన్నప్పుడే కీలులోని ద్రవం నుంచి దానికి పోషణ సరిగా అందుతుంది. చాలాకాలం కదలకపోతే కండరం కురచబడి, కీలు చుట్టూ ఉన్న పొర బిగుసుకుంటుంది. పిడికిలి ముడుచుకుపోతుంది, పాదం కిందికి వాలి మడమ పైకి లేస్తుంది. అటువంటి కాలికి తరువాత బలం వచ్చినా నేలపై సమంగా ఆనదు.

బైలదిల్లాలో పదవీ విరమణ చేసి గీదంలో స్థిరపడిన ఒక ఫోర్‌మన్ గారిని ఇటీవల చూడబోయాను. దంతెవాడ పన్నెండు పదమూడు కిలోమీటర్లే అయినా, మంచం దిగలేని మనిషిని రోజూ తరలించుట ఆ ఇంటికి సాధ్యం కాదు. అందుచేత వ్యాయామమంతా ఆయన భార్యే చేయిస్తున్నారు. “అన్నయ్యగారూ, రెండు నెలలుగా రోజూ తిప్పుతున్నాను. ఈ చెయ్యి ఎప్పటికి లేస్తుంది?” అని ఆమె అడిగారు.

నేను వైద్యుడను కాను. కాని ఈ ప్రశ్నకు నిజమే చెప్పాలి. తిప్పినంత మాత్రాన చెయ్యి లేవదు. ఇతరులు కదిలించేటప్పుడు రోగి కండరం పని చేయదు గనుక బలం పెరగదు. బిగువును ఎంతవరకు ఆపగలదన్నదీ ఇంకా తేలలేదు. 2013 నాటి కోక్రేన్ సమీక్షకు ఈ విషయమై తగిన ప్రయోగాలు రెండే లభించాయి. వాటిలో పాల్గొన్నవారు 122 మంది. వాటి ఆధారంగా నిర్ణయానికి రాలేమని సమీక్షకులు తేల్చారు.

అయినను దీనిని మానవద్దనే నా అభిప్రాయం. రోజూ ఆ అవయవాన్ని చేతిలోకి తీసుకొన్నవారికే చర్మం కందుట, వాపు, కొత్త బిగువు ముందుగా తెలుస్తాయి. ఏదో ఒక ఉదయం వేలు తనంతట కొంచెం కదలుట కూడ వారికే తెలుస్తుంది. ఆ రోజు నుంచి పని మారాలి. ఆయననే ప్రయత్నించమని చెప్పి, అందని మేరకే మనం ఊతమివ్వాలి. ప్రేమతో అంతా మనమే చేసిపెట్టుట అప్పుడు మేలు కాదు.

పద్ధతిని ఫిజియోథెరపిస్టు వద్ద ఒకసారి చూచి నేర్చుకోవాలి. ఒక చేయి కీలుకు పైన, రెండవది కింద ఆనించి, మెల్లగా, అడ్డు తగిలేవరకే కదిలించాలి. ఒక్కొక్క కీలుకు ఐదు నుంచి పదిసార్లు, రోజుకు రెండు పూటలు సాధారణంగా చెప్పే లెక్క. మాట పడిపోయినవారు నొప్పిని చెప్పలేరు గనుక వారి ముఖం చూస్తూ చేయాలి.

అసలు భయం భుజం విషయంలోనే. కండరాలు సడలినప్పుడు చేతి బరువుకే భుజపు ఎముక గూటి నుంచి కిందికి జారుతుంది. ఆ చెయ్యి పట్టి లాగి మనిషిని లేపరాదు. శిక్షణ లేనివారు దానిని భుజం ఎత్తు దాటించరాదు. దూలానికి గిలక, తాడు కట్టి చేతిని పైకి లాగే ఉపాయం మనబోటి యంత్రాలవారికి వెంటనే తోస్తుంది. దయచేసి ఆ పని చేయవద్దు, భుజం దెబ్బతింటుంది.

పిక్క హఠాత్తుగా వాచి, వేడిగా, నొప్పిగా ఉన్నచో ఆ కాలికి వ్యాయామం ఆపి వెంటనే వైద్యునికి చూపాలి. సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు.