ఆ సిరంజిలో ఏముందో ఎవరు చెప్పాలి?

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

మా చెల్లెలి పెదవి గురించి ఇచ్చిన ఫిర్యాదు పోయిన వారం తిరిగొచ్చింది. "బ్యూటీ పార్లర్లు మా పరిధిలోకి రావు" అని అధికారులు ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నారు. అది చదివాక ఊరుకోలేక మీకు రాస్తున్నాను.

పెళ్లినాటికి పెదవులు కాస్త నిండుగా ఉండాలని తన కోరిక. అందులో తప్పేమీ లేదు. నగరంలోని ఒక పార్లర్‌లో ఫిల్లర్ ఎక్కించారు. ఏ రకమని అడిగితే "ఫారిన్‌ది మేడమ్" అన్నారు. డబ్బా చూపలేదు, బ్యాచ్ నంబరు ఇవ్వలేదు. పై పెదవి తెల్లగా పాలిపోయి, నొప్పికి తను ఏడుస్తుంటే ఐస్ పెట్టి ఇంటికి పంపేశారు. అలా పాలిపోవడం రక్తం అందడం లేదనడానికి గుర్తని వాళ్లకు తెలియదా?

ఆ రాత్రి చూసిన చర్మవ్యాధుల డాక్టరమ్మ మొదట అడిగింది ఒక్కటే: ఏం ఎక్కించారు? హైలురోనిక్ యాసిడ్ అయితే హైలురోనిడేజ్ ఇంజెక్షన్‌తో కరిగించవచ్చు. ఆలస్యమయ్యే కొద్దీ చర్మం చచ్చిపోతుంది. పెదవులకు ఎక్కువమంది డాక్టర్లు హైలురోనిక్ యాసిడ్‌నే ఎంచుకోవడానికి ఈ విరుగుడు ఉండటం ఒక ముఖ్య కారణం. కాల్షియం హైడ్రాక్సీఅపటైట్ అయితే పెదవుల్లో గడ్డలు కడుతుంది, దానికి ఈ విరుగుడు పనిచేయదు. సిలికాన్ ద్రవమైతే బయటికి తీయడమే గండం. మా దగ్గర జవాబు లేదు. ఆవిడ హైలురోనిక్ యాసిడే అయి ఉంటుందని ధైర్యం చేసి ఇంజెక్షన్ ఇచ్చారు. పెదవి దక్కింది, మచ్చ మిగిలింది.

వేరే దేశాలు ఇలా చూస్తూ ఊరుకోలేదు. సూది లేకుండా ఒత్తిడితో ఫిల్లర్ ఎక్కించే పెన్నులు వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లోనే హెచ్చరించింది. అదే ఏడాది అక్టోబరు నుంచి ఇంగ్లండ్‌లో 18 ఏళ్లలోపు వారికి అందం కోసం ఫిల్లర్లు వేయడం నేరం. మరి మన దగ్గర? సూది పట్టిన చెయ్యి డాక్టరుదా కాదా అని అడిగేవారెవరు? ఆ సిరంజి ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరు చూస్తారు? పార్లర్ మీ పరిధిలోకి రాదు సరే, మనిషి పెదవి ఎవరి పరిధి?

అయ్యా, పెళ్లిళ్ల సీజన్ వస్తోంది. పార్లర్ల ముందు మళ్లీ ఆఫర్ల బోర్డులు వెలిశాయి. ఇంకో ఆడపిల్ల ఆ కుర్చీలో కూర్చునేలోపు ఏదో ఒకటి చేయండి.

ఇట్లు,
ఒక అక్క, హైదరాబాద్