తెగిన వేళ్లు... వదులైన తీగలు

ప్రపంచంలో గొప్ప రాక్ గిటారిస్టు ఎవరు? ఎన్టీఆర్ గొప్పా, ఏఎన్నార్ గొప్పా అన్నట్టే ఉంటుంది ఈ వ్యవహారం. ఎంతసేపు వాదించుకున్నా తేలదు. అమెరికాకు చెందిన ‘రోలింగ్ స్టోన్’ పత్రిక మాత్రం అప్పుడప్పుడూ తేల్చేస్తూ ఉంటుంది. 2003లో వందమంది పేర్లతో ఓ జాబితా వేసింది. మొదటి స్థానం జిమీ హెండ్రిక్స్‌ది. దానిమీద పెద్దగా ఎవరికీ పేచీ లేదు. ఇంగ్లండు బృందం ‘బ్లాక్ సబాత్’ గిటారిస్టు టోనీ అయోమీకి దక్కింది 86వ స్థానం. ఎనిమిదేళ్లు గడిచాక, 2011లో, అదే పత్రిక మళ్లీ జాబితా వేసింది. ఈసారి అయోమీ 25వ స్థానంలో ఉన్నాడు!

ఆ ఎనిమిదేళ్లలో ఆయన కొత్తగా సాధించింది పెద్దగా ఏమీ లేదు. పేరు తెచ్చిన పాటలన్నీ 1970ల నాటివే. మారింది లెక్క వేసినవాళ్లు. మొదటి జాబితా పత్రిక విమర్శకుడిది. రెండోదానికి ఓట్లు వేసినవాళ్లలో పేరున్న గిటారిస్టులు చాలామంది ఉన్నారు. వినేవాళ్ల లెక్క వేరు, వాయించేవాళ్ల లెక్క వేరు అనడానికి ఇంతకన్నా ఏం కావాలి? వినేవాడు ‘అబ్బ, ఎంత బాగా వాయించాడు’ అనుకుంటాడు. వాయించేవాడి కళ్లు అవతలి మనిషి చేతుల మీద ఉంటాయి. ‘ఇందులో నాకు పనికొచ్చేదేంటి’ అని చూస్తాడు. అయోమీ చేతుల్లో అలాంటి సరుకు చాలా ఉంది. ఆ చేతుల కథ తెలిస్తేగానీ అదెలా వచ్చిందో అర్థం కాదు.

ఆఖరి రోజు డ్యూటీ

బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ కార్మికుల పేట. 1948లో పుట్టిన అయోమీ అక్కడే పెరిగాడు. చదువు మానేశాక చిన్నాచితకా పనులు చేసి, రేకుల ఫ్యాక్టరీలో వెల్డింగ్ పనిలో కుదురుకున్నాడు. సాయంత్రాలు గిటార్. పదిహేడేళ్లప్పుడు ఓ బృందంతో జర్మనీ వెళ్లి వాయించే అవకాశం వచ్చింది. ఇంకేం, ఉద్యోగానికి నమస్కారం పెట్టేశాడు. ఫ్యాక్టరీలో అదే ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి, ఇక వెళ్లనని మొరాయించాడట. పని సగంలో వదిలేయడమేంటి, వెళ్లి పూర్తిచేసి రమ్మని తల్లి పంపించింది. ఏ తల్లయినా అదే చెబుతుంది.

రేకులను ఒత్తే యంత్రం దగ్గర ఉండాల్సిన మనిషి ఆరోజు రాలేదు. వెల్డింగ్ తప్ప తెలియని కుర్రాణ్ని అక్కడ నిలబెట్టారు. యంత్రం కిందికి దిగింది. కంగారులో చెయ్యి వెనక్కి లాగాడు. కుడిచేతి నడిమివేలు, ఉంగరపు వేళ్ల కొసలు ఊడిపోయాయి.

కుడిచేతికేగా దెబ్బ తగిలింది, తీగలు మీటడం ఎలాగోలా కానిచ్చేయొచ్చు కదా అనిపించొచ్చు. కానీ అయోమీది ఎడమచేతివాటం. ఎడమచేత్తో మీటుతాడు. మెట్ల మీద తీగలు నొక్కాల్సింది కుడిచేతి వేళ్లే. వీణ నేర్చుకునేవాళ్లను అడిగితే తెలుస్తుంది... వేలి కొసలు కాయలు కాచేదాకా పడే బాధ ఎంతో. ఇక్కడ కాయ కాయడానికి కొసే లేదు. ఇక వాయించడం మర్చిపొమ్మన్నారు డాక్టర్లు.

దిగులుగా ఇంట్లో కూర్చున్న కుర్రాడి దగ్గరికి ఫ్యాక్టరీలో పై అధికారి ఓ రికార్డు పట్టుకొచ్చాడు. వినమన్నాడు. గిటార్ సంగీతం. వినే ఓపిక లేదన్నా బలవంతంగా వినిపించాడు. విన్నాక చెప్పాడు, ఆ వాయించేవాడికి ఎడమచేతిలో సరిగా పనిచేసేవి రెండు వేళ్లేనని! అది జాంగో రైన్‌హార్ట్ వాయించిన రికార్డు. 1928లో ఆయన కాపురముండే బండికి నిప్పంటుకుని చెయ్యి కాలింది. మిగిలిన వేళ్లతోనే ఆయన యూరప్ జాజ్ సంగీతంలో చిరస్థాయిగా నిలిచిపోయాడు.

ఆ తరవాత అయోమీ చేసింది అచ్చంగా ఫ్యాక్టరీ కుర్రాడి పని. గిన్నెలు తోమే ద్రావకం వచ్చే ప్లాస్టిక్ సీసాను కరిగించి ముద్ద చేశాడు. కాల్చి రంధ్రం పెట్టి, అరగదీసి, వేళ్లకు తొడుగులు తయారుచేసుకున్నాడు. ప్లాస్టిక్ తీగ మీద జారిపోతుంటే పాత జాకెట్‌లోంచి తోలుముక్కలు కత్తిరించి అంటించాడు. గిటార్‌ను తిప్పి పట్టుకుని రెండోచేత్తో మొదటినుంచీ నేర్చుకోవచ్చు. అప్పుడు అంత ఓపిక లేకపోయిందని, అదే చేసి ఉండాల్సిందేమోనని తరవాతెప్పుడో అన్నాడాయన. చేయకపోవడమే సంగీతానికి మంచిదైంది.

స, ప... చాలు!

తొడుగులు వేసుకుంటే వేలికి తీగ స్పర్శ తెలియదు. ఎంత గట్టిగా నొక్కుతున్నాడో అర్థం కాదు. బిగుతైన లావు తీగలు నొక్కలేడు. సన్నతీగల సెట్టు అప్పట్లో బజారులో దొరకలేదు. దాంతో బాంజో తీగలు తెచ్చి గిటార్‌కు బిగించాడు. అయిదారు స్వరాలు కలిపి పట్టే పెద్ద కార్డులు ఆ చేతికి కష్టం. బాగున్న చూపుడువేలు, చిటికెనవేలితో పట్టగలిగేవి మాత్రం చిన్నచిన్నవి. ‘పవర్ కార్డు’ అంటారు వాటిని. పేరు చూసి భయపడక్కర్లేదు. షడ్జమం, పంచమం... అంతే. మన తంబురాలో నిరంతరం మోగే స, ప. పైగా ఇందులో ఓ మర్మం ఉంది. ఆంప్లిఫయర్ గొంతు చించుకునేలా పెంచి వాయిస్తే, గాంధారం కూడా కలిసిన కార్డు గజిబిజిగా వినిపిస్తుంది. స, ప మాత్రం చెక్కుచెదరవు. బరువుగా, స్పష్టంగా పలుకుతాయి.

ఇది ఆయన కనిపెట్టిందేమీ కాదు. 1958లోనే లింక్ రే ‘రంబుల్’ అనే వాద్యగీతంలో ఇలాంటి మోత పుట్టించాడు, అదీ స్పీకరుకు పెన్సిల్‌తో చిల్లులు పొడిచి. వీధిపోరాటం అనే అర్థమొచ్చే ఆ పేరు విని కొన్ని అమెరికన్ రేడియో స్టేషన్లు దాన్ని నిషేధించాయి. ఒక్క మాటా లేని పాట మీద నిషేధం! అయోమీ చేసిందల్లా, అక్కడక్కడా వినిపించే ఆ మోతను మొత్తం సంగీతానికీ పునాదిగా వేయడం.

బృందం తొలి ఆల్బమ్ రికార్డింగ్ 1969 అక్టోబరులో ఒక్కరోజులో ముగిసింది. 1970 ఫిబ్రవరి 13న విడుదలైంది. బృందం పేరే పెట్టిన మొదటి పాటలో అయోమీ వాయించేవి ప్రధానంగా మూడే స్వరాలు. షడ్జమం, తారస్థాయి షడ్జమం, అక్కడినుంచి కిందికి దిగి ప్రతి మధ్యమం. మనకు కల్యాణి రాగంలో హాయిగా వినిపించే ప్రతి మధ్యమమే అది. ఒంటరిగా, నెమ్మదిగా, షడ్జమానికి ఎదురుగా నిలబెడితే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. పాశ్చాత్యులు ఈ అంతరాన్ని సంగీతంలోని దెయ్యంగా చెప్పుకునేవారు. అన్నట్టు, ఆ ఆల్బమ్‌ను అప్పట్లో చీల్చి చెండాడిన పత్రికల్లో ‘రోలింగ్ స్టోన్’ కూడా ఉంది.

1971లో ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ వచ్చింది. అందులో కొన్ని పాటలకు అయోమీ గిటార్ శ్రుతిని ఏకంగా మూడు మెట్లు తగ్గించాడు. తీగ వదులైతే నొక్కడం తేలిక. పక్కకు లాగి గమకం పలికించడమూ తేలిక. వేళ్లకు సుఖమైంది. దాంతోపాటే శబ్దం లోతైన బావిలోంచి వచ్చినట్టు మారిపోయింది. బేస్ గిటార్ వాయించే గీజర్ బట్లర్ కూడా శ్రుతి దించాడు. ఆ రెండూ కలిసి కదిలితే ఇంటి కిటికీలు కూడా తాళం వేస్తాయి.

అసలు విశేషం ఇక్కడే ఉంది. ఆ తరవాత వచ్చిన వందలాది బృందాలు తీగలు వదులు చేశాయి. వాళ్లెవరి వేళ్లూ తెగలేదు! ఒక్కడి నొప్పికి మందుగా పుట్టింది, నొప్పిలేనివాళ్లకు కూడా భాషైంది. 1990ల్లో అమెరికా బృందం ‘కార్న్’ ఏడు తీగల గిటార్లు పట్టుకుని ఇంకా కిందికి దిగింది. 2006లో బ్లాక్ సబాత్‌ను ‘రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్’లోకి ఆహ్వానిస్తూ వేదికెక్కింది ఎవరో కాదు, ‘మెటాలికా’ వాళ్లు.

అందరూ మెచ్చారు... ఎందరు పట్టుకున్నారు?

దీనికి ఎదురుగా ఇంకో గిటారిస్టును పెట్టి చూడాలి. అలన్ హోల్డ్స్‌వర్త్. 1946లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టాడు. కార్డులూ స్వరవరసలూ అన్నీ తనకు తానే అల్లుకున్న మనిషి. ఆయన వాయిస్తుంటే ఎక్కడ మీటాడో, ఎక్కడ జార్చాడో తెలియదు. గిటారిస్టుల్లో ఆయనకున్న గౌరవం అంతాఇంతా కాదు. 1980ల ఆరంభంలో ఆయనకు పెద్ద రికార్డు కంపెనీ అవకాశం ఇప్పించడానికి ఎడ్డీ వాన్ హేలెన్ స్వయంగా పూనుకున్నాడు. అయినా పేటలో గిటార్ పట్టే కుర్రాడు హోల్డ్స్‌వర్త్ దగ్గర్నుంచి ఏం తెచ్చుకోగలడు? ఆయన సంగీతం ఆయన చేతికే అతికినట్టు ఉంటుంది. 2017లో ఆయన పోయాక మిగిలింది ఎంతో ఆరాధన, కొద్దిమంది శిష్యప్రాయులు. ఆ కొద్దిమంది ద్వారా కొంత మెటల్ సంగీతంలోకి చేరింది, నిజమే. అది వాగులోంచి నదిలోకి చేరిన నీళ్లలాంటిది. తాగేవాడికి వాగు పేరు తెలియదు.

వాన్ హేలెన్ సంగతి మరీ తమాషా. 1978లో ఆయన బృందం తొలి ఆల్బమ్‌లో ‘ఇరప్షన్’ అని రెండు నిమిషాలు కూడా లేని ముక్క ఒకటుంది. మీటాల్సిన చేతి వేళ్లను కూడా మెట్ల మీదికి తెచ్చి టకటకా తట్టి వాయించే పద్ధతి అందులో ఉంది. ‘ట్యాపింగ్’ అంటారు. మైకేల్ జాక్సన్ ‘బీట్ ఇట్’లో మధ్యన మెరుపులా వచ్చే గిటార్ కూడా ఈయనదే. దానికి పైసా పుచ్చుకోలేదు. ట్యాపింగ్ ఆయనకన్నా ముందే ఉంది. ‘జెనిసిస్’ బృందంలో స్టీవ్ హాకెట్ 1971లోనే చేశాడు. ఎవరూ పరుగెత్తలేదు. వాన్ హేలెన్ చేసేసరికి మాత్రం 1980ల్లో గిటార్ పట్టిన ప్రతివాడూ తట్టడమే! ఎవరైనా ఎత్తుకుపోతారని, ఆల్బమ్ రాకముందు ప్రదర్శనల్లో ప్రేక్షకులకు వీపు తిప్పి వాయించేవాడంటారు.

ఎత్తుకుపోయారు సరే, ఏం మిగిలింది? చాలావరకు వేగమే. ఆయన వాయిద్యంలోని నవ్వు, ఊగు ఎవరికీ రాలేదు. నిక్కచ్చిగా నిలిచిపోయింది మరొకటి... ఆయన గిటారే. యాభై డాలర్ల చెక్క, ఎనభై డాలర్ల మెడ కొని, ఒక కంపెనీ గిటార్‌లోని భాగాన్ని ఇంకో రకం గిటార్‌లో ఇరికించి, సైకిలు రిపేరు చేసుకున్నట్టు ఇంట్లో తయారుచేసుకున్నాడు దాన్ని. పెద్ద కంపెనీలు తరవాత పదేళ్లపాటు ఆ నమూనా గిటార్లే పుంఖానుపుంఖాలుగా తయారుచేశాయి. 2020లో ఎడ్డీ చనిపోయాడు. ఆ పోలికతో గిటార్లు ఇప్పటికీ దుకాణాల్లో వేలాడుతున్నాయి.

ఇంకా సాదాసీదా ఉదాహరణ కావాలంటే జానీ రామోన్. 1976లో తొలి ఆల్బమ్ తెచ్చిన ‘రామోన్స్’ గిటారిస్టు. సోలో వాయించాలన్న సరదా అసలు లేదు. పిక్‌తో కిందికి, కిందికి, మళ్లీ కిందికి... పైకి మీటడమనేది దాదాపు లేనట్టే. ఎవరైనా వారంలో పట్టుకోవచ్చు అనిపిస్తుంది. అరగంట ఆగకుండా వాయిస్తే తెలుస్తుంది మణికట్టు సంగతి. మెటాలికా జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఆ దెబ్బను అక్కడినుంచే నేర్చానని చెబుతాడు. 1986లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ పాట వింటే ఎలా వాడుకున్నాడో తెలుస్తుంది. పంక్ బృందం చెయ్యి మెటల్ బృందం చేతిలోకి వచ్చింది, ఇంకా వేగంగా.

వీళ్లందరికీ తాతలాంటి చక్ బెర్రీ సంగతి చెప్పనే అక్కర్లేదు. 1986లో ఆయన్ను ‘హాల్ ఆఫ్ ఫేమ్’లోకి ఆహ్వానించిన ‘రోలింగ్ స్టోన్స్’ గిటారిస్టు కీత్ రిచర్డ్స్, ఆయన వాయించిన ముక్కలన్నీ తాను ఎత్తుకున్నవాణ్నేనని సభాముఖంగా ఒప్పుకున్నాడు. బెర్రీ పాట ‘జానీ బీ గూడ్’ 1977లో వాయేజర్ నౌకల్లోని బంగారు రికార్డు మీద సౌరమండలం దాటే ప్రయాణం కట్టింది. అక్కడెవరైనా వింటే, బహుశా ముందు నేర్చుకునేది ఆ మొదటి ముక్కే.

ఇప్పుడు పదేళ్ల పిల్లలు కూడా ఫోన్లో చూసి ‘ఇరప్షన్’ పొల్లుపోకుండా వాయించేస్తున్నారు. బంధువులొస్తే వాయించి చూపించమని తల్లిదండ్రుల ముచ్చట. వేగం వచ్చాక ఇక రావాల్సిందేమీ లేదనుకుంటేనే చిక్కు. అయోమీకి వేగం ఉంది, కానీ ఎవరూ ఆ వేగం కోసం ఆయన దగ్గరికి వెళ్లలేదు. ఆ చేతులకున్న ఇబ్బందిలోంచి వచ్చిన పద్ధతి కోసం వెళ్లారు.

2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లో ఆ వెళ్లినవాళ్లంతా ఒకచోట చేరారు. అయోమీ పెరిగిన ఆస్టన్‌లోని విల్లా పార్క్ స్టేడియంలో బ్లాక్ సబాత్ వీడ్కోలు కచేరీ. మెటాలికా, గన్స్ ఎన్ రోజెస్, స్లేయర్, టూల్... మధ్యాహ్నం నుంచీ ఒకరి తరవాత ఒకరు ఎక్కారు. తమ పాటలతోపాటు సబాత్ పాటలూ అందుకున్నారు. మెటాలికా ‘హోల్ ఇన్ ద స్కై’ ఎత్తుకుంటే, ఫ్రాన్స్ నుంచి వచ్చిన ‘గోజీరా’ ‘అండర్ ద సన్’ వాయించింది. చివరికి అసలు నలుగురూ వచ్చారు. 2005 తరవాత వాళ్లు నలుగురూ కలిసి వాయించడం అదే. గాయకుడు ఓజీ ఆస్బోర్న్ సింహాసనంలాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. పదిహేడు రోజులకు, జులై 22న కన్నుమూశాడు. ఆయన పక్కన 77 ఏళ్ల అయోమీ. నాలుగు పాటలు వాయించారు. ఆఖరిది ‘పారనాయిడ్’. 1970లో ఆల్బమ్ నిడివి చాలకపోతే, ఖాళీ నింపడానికి కొద్ది నిమిషాల్లో కట్టేసిన పాట అది.