అవ్వ అంగిలి మీద మచ్చని ఎవరు చూడాలి?

పాడేరు, అరకు వైపు ఏ సంతకి వెళ్లినా అడ్డపొగ తాగే అవ్వలు కనిపిస్తారు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని పొగ పీలుస్తారు. టూరిస్టులకి అదొక వింత. ఫోటో తీసి పెడితే లైకులొస్తాయి. ఆ ఫోటోలో కనిపించనిది అవ్వ అంగిలి. మన ఆడవాళ్ల ప్రాణాలు పోతున్నది అక్కడే. అందుకే ఈ విషయం మనమే మాట్లాడాలి.

ముందు క్యాన్సర్ అంటే ఏంటో తెలుసుకుందాం. మన ఒళ్లంతా కణాలే. పాతవి చస్తుంటాయి, కొత్తవి పుడుతుంటాయి. ఒక కణం ఎప్పుడు రెండుగా చీలాలి, ఎప్పుడు ఆగాలి అన్నది దాని డీఎన్ఏలో రాసి ఉంటుంది. పొగాకులో ఉండే నైట్రోసమైన్లు, పొగలోని తారు ఆ రాతని చెడగొడతాయి. ఒకసారి చెడితే శరీరం బాగుచేసుకుంటుంది. రోజూ, ఇరవై ముప్పై ఏళ్లు అదే పనిగా చెడుతుంటే దిద్దలేని తప్పులు పోగవుతాయి. ‘ఆగు’ అని చెప్పే జన్యువు కూడా పాడయ్యిందంటే ఇక ఆ కణానికి అడ్డూ అదుపూ ఉండదు. పెరిగి గడ్డవుతుంది, పక్క ఎముకలోకి పాకుతుంది, మెడ గ్రంథులకి చేరుతుంది. అది క్యాన్సర్. శాపం కాదు, చేతబడి కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదీ కాదు.

మామూలుగా పొగ తాగేవాళ్లకి గట్టి అంగిలి మీద క్యాన్సర్ రావడం అరుదు. అడ్డపొగలో నిప్పు సరిగ్గా అంగిలి కిందే ఉంటుంది. పొగలోని విషానికి వేడి కూడా తోడవుతుంది. అందుకే ఉత్తరాంధ్రలో ఈ జబ్బు ప్రత్యేకంగా కనిపించింది. ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. విశాఖ డాక్టర్లు 1950లలోనే దీని గురించి రాశారు. 1971లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షించి చూశారు. ఇప్పటి పార్వతీపురం మన్యం ప్రాంతం అప్పట్లో ఆ జిల్లాలోనే ఉండేది. అంటే యాభై ఏళ్లు దాటింది. జబ్బు తెలుసు, కారణం తెలుసు, ఎవరికొస్తుందో తెలుసు. మరి మన గూడేల్లో ఎంతమంది అవ్వల నోరు తెరిపించి చూశారు?

నాకు కోపం వచ్చేది ఇక్కడే. క్యాన్సర్లలో చాలా వాటిని పట్టుకోవాలంటే స్కానింగ్ కావాలి. ఇది మాత్రం కంటికి కనపడే చోటే పుడుతుంది. టార్చిలైట్ చాలు. మొదట అంగిలి తెల్లబడుతుంది, మధ్యలో చిన్న చిన్న ఎర్ర చుక్కలు తేలతాయి. తర్వాత మందపాటి తెల్ల మచ్చో ఎర్ర మచ్చో వస్తుంది, ఆ తర్వాత మానని పుండు. ఈ మచ్చలన్నీ క్యాన్సర్ కావు, భయపడక్కర్లేదు. ఏది ప్రమాదమో చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే తెలుస్తుంది. దాన్నే బయాప్సీ అంటారు. చిక్కేంటంటే మొదట్లో నొప్పి ఉండదు. నొప్పి లేకపోతే మనోళ్లు ఆస్పత్రి మెట్లు ఎక్కరు. నొప్పి మొదలయ్యేసరికి చాలాసార్లు ఆలస్యం అయిపోతుంది.

ఆ ఆలస్యం ఖరీదెంతో చూడండి. తొందరగా దొరికితే చిన్న ఆపరేషన్‌తో చాలామందికి నయమవుతుంది. ముదిరితే అంగిలి ఎముకే తీసేయాలి. అప్పుడు తిన్నది ముక్కులోకి వస్తుంది, మాట ముద్దగా వస్తుంది, ఆ కన్నం మూయడానికి ప్లేటు పెట్టుకోవాలి. పైగా రేడియేషన్. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు. కొందరికి దాంతోపాటు కీమో. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, వైద్యం ఖర్చుకి ఆరోగ్యశ్రీ లాంటి పథకం ఉంది. మంచిదే. కానీ పాడేరు నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాట. కొండ మీద ఊరైతే రోడ్డు దాకా డోలీ మోయాలి. ఆరేడు వారాలు తోడుండే మనిషి కూలి ఎవరిస్తారు? పోడు ఎవరు చూస్తారు? మధ్యలో వైద్యం వదిలేసి వచ్చేస్తే ‘ట్రైబల్స్‌కి అవగాహన లేదు’ అని రాసేస్తారు. అవగాహన ఉంది సార్, బస్సు ఛార్జీయే లేదు.

ఇక మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట. ‘అడ్డపొగ మన సంస్కృతి, దాని జోలికి రావద్దు’ అనే పెద్దలున్నారు. గౌరవంగానే చెప్తున్నా, పొగాకు మన అడవి మొక్క కాదు. అమెరికా ఖండంలో పుట్టి పోర్చుగీసు ఓడల్లో ఈ దేశానికి వచ్చింది. ఇక్కడికొచ్చి ఐదొందల ఏళ్లు కూడా కాలేదు. థింసా మనది, విత్తనాల పండగ మనది, వాటిని కాపాడుకుందాం. నోట్లో నిప్పుని కాపాడుకోవాల్సిన పని లేదు.

అలాగని అవ్వని తిట్టే హక్కు ఎవరికీ లేదు. చలికి, పంటి నొప్పికి, పనిలో అలుపుకి అలవాటు చేసుకుంది. పంటి డాక్టరు దగ్గర్లో లేనప్పుడు చుట్టే మందయ్యింది. సిగరెట్ పెట్టె మీద 85 శాతం హెచ్చరిక బొమ్మ వెయ్యాలని రూల్ ఉంది. సంతలో విడిగా అమ్మే పొగాకుకి పెట్టే లేదు, బొమ్మా లేదు. చదువు రాని అవ్వకి హెచ్చరిక ఎక్కడ కనిపించాలి? ఖైనీ, గుట్కా నమిలే తమ్ముళ్లకీ ఒక మాట. బుగ్గలో పెట్టుకునే ఆ పొట్లం కూడా ఇదే జబ్బు తెస్తుంది. దాన్ని నములుతూ అవ్వకి బుద్ధి చెప్పలేం.

ప్రభుత్వాన్ని మనం అడగాల్సినవి ఇవి. 30 ఏళ్లు దాటినవాళ్లకి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు చెయ్యాలని జాతీయ కార్యక్రమంలోనే ఉంది. అది కాగితం మీద టిక్కు పెట్టడంతో ఆగకూడదు. గూడెంలో, టార్చి వేసి, అంగిలి చూడాలి. బయాప్సీ పాడేరు, సీతంపేట లాంటి చోట్లే జరగాలి. వైద్యం నడిచినన్ని రోజులు రోగికీ తోడు మనిషికీ ప్రయాణం, బస, కూలి నష్టం ఐటీడీఏ భరించాలి. కువి, సవర, ఆదివాసీ ఒడియా భాషల్లో చెప్పే మన మనుషులు ఆస్పత్రిలో ఉండాలి.

అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. మీ ఫోన్‌లో టార్చి ఉంది. ఈ ఆదివారం అవ్వని, పెద్దమ్మని వెలుతురులో కూర్చోబెట్టి నోరు తెరవమనండి. కట్టుడు పళ్లుంటే తీయమనండి. తెల్ల మచ్చో, ఎర్ర మచ్చో, రెండు వారాలైనా మానని పుండో కనిపిస్తే ఆశా కార్యకర్తకి చెప్పి, మీరే వెంట తీసుకెళ్లండి. ఏమీ కనిపించకపోతే చుట్ట మానమని మెల్లగా చెప్పండి. మానేస్తే కొత్త మచ్చలు తగ్గుతాయి, ఏ వయసులో మానినా లాభమే. ఎన్ని ఇళ్లు చూశారు, ఎంతమందిని ఆస్పత్రికి పంపారు, అక్కడ ఏం జరిగింది అన్నది ఊరివారీగా రాసి పెట్టండి. రేపు ఐటీడీఏ ముందు కూర్చున్నప్పుడు ఆ లెక్కే మన చేతిలో ఉండాలి.

జై ఆదివాసీ!