బొమ్మకార్లలో భాగముల మార్పిడి

పెట్టెపై ముద్రించిన చిత్రమెట్లుండునో బొమ్మను అట్లే కూర్చవలయుననియు, ఒక పెట్టెలోని భాగమును వేఱొక బొమ్మకు తగిలించుట దానిని చెఱచుటయే యనియు కొందఱు తలంచుదురు. అమెరికా దేశపు ‘హాట్ రాడ్’ బొమ్మకార్ల విషయమున ఈ అభిప్రాయము సరికాదని నా మనవి.

హాట్ రాడ్ అనగా, పాత కారునుండి అనవసరపు బరువును తీసివేసి, ఇంజను బలమును పెంచి, వేగము హెచ్చించిన బండి. 1930 తరువాతి దశాబ్దమున దక్షిణ కాలిఫోర్నియా యువకులు పాత ఫోర్డు కార్ల మడ్‌గార్డులను ఊడదీసి, మ్యురాక్ వంటి ఎండిన సరస్సుల నేలపై పందెములాడిరి. 1932లో ఫోర్డు కంపెనీ 65 అశ్వశక్తిగల వి-8 ఇంజనును చౌకధరకు అందించుటచే, ఆ సంవత్సరపు కారు వారికి మిక్కిలి ప్రియమైనది. అసలు కారే భాగముల మార్పిడివలన పుట్టినది గదా! దాని బొమ్మను మాత్రము మార్చరాదనుట ఎట్లు పొసగును?

బొమ్మల తయారీదారులును ఈ సంగతి గ్రహించిరి. మిచిగాన్ రాష్ట్రపు ఏ.ఎమ్.టి. సంస్థ 1958లో ‘ఒకదానిలో మూడు’ అను పెట్టెలను వెలువరించినది. ఒకే పెట్టెతో కారును ఉన్నదున్నట్లుగనో, నూతనాలంకారముతోనో, పందెపు బండిగనో కూర్చవచ్చును. ఏ రూపము కూర్చినను కొన్ని భాగములు మిగులును. అవి మఱియొక కారునకు పనికివచ్చును.

ఇక రెండవ ఆక్షేపణ. ఆ కాలపు పెట్టెలు నేడు అరుదు. వానిని తెఱచి కోయుట తగదందురు. ఇందు న్యాయము కలదు. ఒకమాఱు కోసినది మరల అతుకదు. అయితే రౌండ్ 2 సంస్థ ఏ.ఎమ్.టి. పాత బొమ్మలను అనేకము మరల వెలువరించుచున్నది. కత్తి వానిపై పెట్టవచ్చును. విఱిగి, జిగురు మరకలతో మూలబడిన పాత బొమ్మలనుండియు భాగములు తీసికొనవచ్చును. అరుదైనది నిలుచును, చేతిపనియు సాగును.

కాని మార్పిడి యనిన తోచినది తోచినచోట అంటించుట కాదు. 1932 ఫోర్డు ఇరుసుల నడుమ దూరము 106 అంగుళములు. ఇరువదియైదవ వంతు బొమ్మలో అది 4.24 అంగుళములు, ఇరువదినాలుగవ వంతు బొమ్మలో దాదాపు 4.42. ఈ స్వల్ప భేదమే ఒక బొమ్మ చట్రముపై వేఱొక బొమ్మ పైభాగమును కూర్చుననీయదు. పెద్ద ఇంజను నమర్చినచో దాని పంకా రేడియేటరునకు తగులును. వెనుక పెద్ద చక్రములు పెట్టుటయు అందమునకే కాదు; చక్రము పెద్దదైన కొలది ఒక్కొక్క చుట్టునకు బండి అధికదూరము పోవును. ఇట్లు గణితము, యంత్రజ్ఞానము రెండును చేతికి వచ్చును.

కావున విద్యార్థులారా, అతికింపక ముందే కొలిచి, పొదిగి చూడుడు. తల్లిదండ్రులకు నా విన్నపమొక్కటే: కుఱ్ఱవాని కారు పెట్టెపై బొమ్మవలె లేదని కోపింపకుడు. “ఈ భాగమునేల మార్చితివి నాయనా?” యని యడుగుడు. కారణము చెప్పగలిగినచో వాడు ఆటతోపాటు విద్యయు నేర్చుచున్నాడని సంతసింపుడు.